ఆహారం మానిన ఉప్పునీటి అలంకార చేప: సంరక్షణలో నీటికి, మేతకు గల క్రమం

ఉప్పునీటి అక్వేరియంలోని చేప మేత ముట్టడం లేదని పెంపకందారు చెప్పినప్పుడు సలహా ఇచ్చేవారి నుండి సాధారణంగా వచ్చే తొలి మాట, మేత మార్చి చూడమని. మంచినీటి చేపల అనుభవం ఉన్నవారైతే, ఒంటిపై తెల్లమచ్చలు కూడా ఉన్నాయని వినగానే అక్కడ పాటించే ఉప్పు, వేడి చికిత్సను ఇక్కడా సూచిస్తారు. ఈ రెండూ సదుద్దేశంతో ఇచ్చే సలహాలే అయినా చేప ప్రాణానికి ముప్పు తెచ్చేవే. సముద్రపు చేపలలో ఆహారం మానడం చాలా సందర్భాలలో రోగం కాదు, రోగ లక్షణం. ఆ లక్షణానికి మూలం నీటిలోనో, మొప్పలలోనో ఉన్నంతవరకు మేత ఎంత మేలైనదైనా తొట్టి అడుగున కుళ్ళి నీటిని పాడుచేస్తుంది. నీటిని సరిచేయడం, చేపను వేరుచేయడం, రోగాన్ని గుర్తించడం, ఆ తరువాత మేత పెట్టడం అనే క్రమాన్ని, దాని వెనుక గల కారణాలను క్లౌన్ చేప ఉదాహరణగా ఈ వ్యాసం వివరిస్తుంది. ఉప్పునీటి అక్వేరియం ప్రారంభించేవారు ఎక్కువగా ఎంచుకునేది ఈ చేపనే కావడం, దాని ప్రజనన సాంకేతికతను మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించి ఉండడం ఈ ఎంపికకు కారణాలు.

సముద్రంలో ఉండి నీరు కోల్పోయే జీవి

సముద్రపు అస్థి చేపల శరీర ద్రవాల గాఢత సముద్రపు నీటి గాఢతలో సుమారు మూడో వంతు మాత్రమే. అందువలన ద్రవాభిసరణ వలన నీరు మొప్పల ద్వారా, చర్మం ద్వారా నిరంతరం బయటకు పోతూ ఉంటుంది. ఆ లోటును పూరించుకోవడానికి చేప సముద్రపు నీటినే తాగి, దానితోపాటు వచ్చిన అదనపు లవణాన్ని మొప్పలలోని ప్రత్యేక కణాల ద్వారా శక్తిని వెచ్చించి బయటకు పంపుతుంది. మంచినీటి చేప స్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. దాని శరీరంలోకి నీరు చొరబడుతుంది, లవణాలు బయటకు పోతాయి. చర్మం గాయపడినప్పుడు కట్లకో, రోహుకో లీటరు నీటికి కొన్ని గ్రాముల ఉప్పు ఉపశమనాన్ని ఇవ్వడానికి కారణం ఇదే. అదే గాయం క్లౌన్ చేపకు అయితే అది నీటి మధ్యలో ఉండి ఎండిపోతుంది. దానికి ఉపశమనం ఇవ్వగలిగినది లవణీయతను తగ్గించడమే గాని పెంచడం కాదు.

ఇందులో మరొక పర్యవసానం ఉంది. మొప్పలు ఒకేసారి ఊపిరి తీసుకునే అవయవం, ఉప్పును వెళ్లగొట్టే అవయవం, అమ్మోనియాను విసర్జించే అవయవం కూడా. వాటికి పరాన్నజీవి సోకితే మూడు పనులూ ఒకేసారి దెబ్బతింటాయి. పైగా సముద్రపు నీటిలో కరిగే ప్రాణవాయువే తక్కువ. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీరు లీటరుకు సుమారు 8.2 మి.గ్రా. ప్రాణవాయువును పట్టి ఉంచగలిగితే, 35 పి.పి.టి. లవణీయత గల సముద్రపు నీరు సుమారు 6.7 మి.గ్రా. మాత్రమే పట్టి ఉంచుతుంది. ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ అది ఇంకా తగ్గుతుంది. మన కోస్తా జిల్లాలలో వేసవి మధ్యాహ్నం కరెంటు పోయి, ఎయిరేటర్ ఆగిన తొట్టిలో మొప్పల వ్యాధి ఉన్న చేప ఆహారం వైపు చూడకపోవడంలో వింత లేదు. ఊపిరి ఆడని జీవికి ఆకలి పుట్టదు.

మేత పెట్టే ముందు చూడవలసినవి

తొలుత నీటిని పరీక్షించాలి. ఉష్ణోగ్రత 25 నుండి 27 డిగ్రీలు, పి.హెచ్. 8.1 నుండి 8.4, లవణీయత 33 నుండి 35 పి.పి.టి. మధ్య ఉండడం సామాన్యంగా కోరదగినది. అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలో కనిపించరాదు. అమ్మోనియా విషయంలో ఉప్పునీటి తొట్టి మంచినీటి తొట్టి కంటే ఎక్కువ ప్రమాదకరం. పి.హెచ్. 7 వద్ద మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన అయనీకరణ చెందని భాగం ఒక శాతం లోపే ఉండగా, పి.హెచ్. 8.2 వద్ద అది సుమారు 7 శాతానికి చేరుతుంది.

ఈ అంకె మేతతో ఎలా ముడిపడి ఉందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. 40 శాతం మాంసకృత్తులు గల గుళికల మేత ఒక గ్రాము 40 లీటర్ల తొట్టిలో తినకుండా మిగిలి పూర్తిగా కుళ్ళిందనుకుందాం. అందులోని మాంసకృత్తులు 400 మి.గ్రా., వాటిలో నత్రజని 16 శాతం, అంటే 64 మి.గ్రా. అది మొత్తం అమ్మోనియాగా మారితే లీటరుకు 1.6 మి.గ్రా. అందులో 7 శాతం, అంటే లీటరుకు సుమారు 0.11 మి.గ్రా. విషపూరిత రూపంలో ఉంటుంది. మొప్పలకు హాని మొదలవుతుందని సాధారణంగా పరిగణించే 0.05 మి.గ్రా. స్థాయికి ఇది రెండింతలు. జీవ వడపోత ఇంకా స్థిరపడని చికిత్స తొట్టిలో ఈ మేతను పట్టుకోగలిగేది ఏదీ ఉండదు. చేప తినడం లేదన్న ఆందోళనతో పెంపకందారు రోజుకు మూడుసార్లు చల్లే చిటికెడు మేత ఎంత పని చేయగలదో దీనిని బట్టి తెలుస్తుంది.

నీటి తరువాత చేపను చూడాలి. దూరం నుండి, పది నిమిషాలైనా కదలకుండా గమనించడం అవసరం. మనిషి దగ్గరకు రాగానే చేప ప్రవర్తన మారుతుంది కనుక ఫోను కెమెరాను తొట్టి ముందు నిలిపి చిత్రీకరించడం మంచి పద్ధతి. మేత పడినప్పుడు చేప కళ్ళు దానిని అనుసరిస్తున్నాయా, దగ్గరకు వచ్చి వెనుదిరుగుతున్నదా, నోట పెట్టుకొని ఉమ్మివేస్తున్నదా, అసలు గుర్తించడమే లేదా అన్నవి నాలుగు వేర్వేరు స్థితులు. కళ్ళతో అనుసరించే చేపకు ఆకలి మిగిలి ఉంది. ఉమ్మివేసే చేపకు మేత పరిమాణం పెద్దదో, నోటిలోనో మొప్పలలోనో బాధ ఉన్నదో అని అనుమానించాలి. నీటి ఉపరితలం వద్దనో, పంపు ప్రవాహం ఎదుటనో నిలబడి మొప్ప మూతలను వేగంగా కదిలించే చేపకు సమస్య మేతలో లేదు. అదే తొట్టిలోని ఆరోగ్యవంతమైన చేప మొప్ప మూత నిమిషానికి ఎన్నిసార్లు కదులుతున్నదో లెక్కించి పోల్చితే తేడా స్పష్టమవుతుంది.

శరీర స్థితిని పైనుండి చూడాలి. పొట్ట లోనికి పోవడం కొద్ది రోజుల ఉపవాసానికి గుర్తు. తల వెనుక వెన్ను కండరం సన్నబడి కత్తి అంచులా కనిపిస్తే నిల్వలు కరిగిపోయాయని అర్థం. బాగా తింటూనే చిక్కిపోతున్న చేప సమస్య వేరు. అటువంటి చోట జీర్ణనాళ పరాన్నజీవులను, మైకోబాక్టీరియా వలన కలిగే దీర్ఘకాలిక వ్యాధిని అనుమానించాలి. రెండవది చేతి గాయాల ద్వారా మనుషులకు కూడా సోకగలదు. చేతిపై గీతలు, పుండ్లు ఉన్నవారు తొడుగులు లేకుండా తొట్టిలో చేయి పెట్టరాదని చెప్పడం సలహాదారు బాధ్యత.

రోగమే లేకుండా ఆహారం మానే సందర్భాలూ ఉన్నాయి. క్లౌన్ చేపల గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడ చేప. దాని ఆధిపత్యం కింద ఉన్న చిన్న చేపలు మేత వద్దకు రాలేకపోవచ్చు. తొట్టి మధ్య పారదర్శకమైన అడ్డు పెట్టినప్పుడు ఆ చిన్న చేప తినడం మొదలుపెడితే సమస్య మందులతో తీరేది కాదని తేలినట్లే. కొత్తగా కొన్న చేప అయితే అది హేచరీలో పెరిగినదా, సముద్రం నుండి పట్టినదా అని తప్పక అడగాలి. హేచరీ చేపలు గుళికల మేతకు అలవాటుపడి ఉంటాయి. సముద్రం నుండి పట్టినవి గుళికను ఆహారంగానే గుర్తించకపోవచ్చు.

మాయమయ్యే మచ్చలు

సముద్రపు తెల్లమచ్చ వ్యాధికి కారకం క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే శైలికలు గల ఏకకణ పరాన్నజీవి. మంచినీటి తెల్లమచ్చకు కారణమైన ఇక్తియోఫ్తీరియస్‌ను పోలిన జీవితచక్రమే దీనిది కూడా. చర్మపు పైపొర కింద చేరి 3 నుండి 7 రోజులు కణజాలాన్ని తింటూ పెరుగుతుంది. తరువాత చేపను వదిలి, తొట్టి అడుగునో రాళ్ళపైనో గూడు కట్టుకొని విభజన చెందుతుంది. సాధారణంగా 3 నుండి 28 రోజులలో, కొన్నిసార్లు అంతకు మించి చాలా ఆలస్యంగా, ఒక్కొక్క గూడు నుండి 200 వరకు పిల్లజీవులు వెలువడతాయి. అవి ఒకటి రెండు రోజులలో చేపను చేరలేకపోతే చనిపోతాయి. ఈ విడుదల ఎక్కువగా చీకటి వేళ, తెల్లవారుజామున జరుగుతుంది. చేపలు అడుగున ఒకేచోట నిశ్చలంగా ఉండే సమయం అదే.

ఈ చక్రం నుండి సలహాదారు గ్రహించవలసిన విషయం ఒకటున్నది. ఏ మందూ వేయకపోయినా వారం లోపు మచ్చలు మాయమవుతాయి, చేప కాస్త తినడం కూడా మొదలుపెడుతుంది. ఆ సమయంలో తొట్టిలో ఏది వేసి ఉంటే దానికి ఆ ఘనత దక్కుతుంది. వెల్లుల్లి రసానికి ఉన్న ప్రసిద్ధిలో చాలా భాగం ఇలా వచ్చినదేనని ఈ రచయిత అభిప్రాయం. వెల్లుల్లి వాసన కొన్ని చేపలను మేత వైపు ఆకర్షించవచ్చు. కాని తెల్లమచ్చను నయం చేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. మచ్చలు పోవడం అంటే పరాన్నజీవి చేపను వదిలి సంతతిని పెంచుకోవడానికి వెళ్ళిందని మాత్రమే. రెండవ విడతలో మచ్చలు పదింతలై, ఈసారి మొప్పలపై కూడా కనిపించవచ్చు.

తెల్లని ప్రతి మచ్చా ఇదే వ్యాధి కాదు. ఉప్పు రేణువులంత విడివిడి మచ్చలు క్రిప్టోకారియాన్‌ను సూచిస్తే, పసుపు ఛాయ గల సన్నని పొడి చల్లినట్లు ఉంటే అమైలూడినియం అనే మరింత ఉద్ధృతమైన వ్యాధిని అనుమానించాలి. ఇది ముందుగా మొప్పలనే పట్టుకుంటుంది కనుక పొడి కంటికి కనిపించేలోగానే చేప ఆహారం మానుతుంది, కొద్ది రోజులలోనే మరణించవచ్చు. ఒంటి నుండి శ్లేష్మం పొరలు పొరలుగా ఊడిపోతుంటే బ్రూక్లినెల్లా కావచ్చు. క్లౌన్ చేపలలో ఇది తరచుగా కనిపిస్తుంది. దీనిపై రాగి పనిచేయదు, ఫార్మలిన్ చికిత్స అవసరం. చర్మంపై శ్లేష్మాన్ని మృదువుగా గీసి, అదే తొట్టి నీటి చుక్కలో సూక్ష్మదర్శిని కింద చూస్తే ఈ మూడింటినీ వేరుచేయడం కష్టం కాదు. నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ కాంతిని లోనికి పోనివ్వని పెద్ద జీవి క్రిప్టోకారియాన్. కదలిక లేకుండా అంటిపెట్టుకొని ఉన్న గోధుమరంగు జీవి అమైలూడినియం. చిక్కుడు గింజ ఆకారంలో చురుకుగా కదిలేది బ్రూక్లినెల్లా. తెల్లమచ్చ, అమైలూడినియం మన తీరంలో పెంచే పండుగప్పకు కూడా సోకేవే కనుక విద్యార్థులకు ఈ పరీక్షలో వచ్చిన నైపుణ్యం అక్వేరియంతో ఆగిపోదు.

చికిత్స ఎంపికలో ఆకలి పాత్ర

చికిత్స ప్రధాన తొట్టిలో చేయరాదు. 40 నుండి 60 లీటర్ల ఖాళీ గాజు తొట్టి, దాగడానికి రెండు పి.వి.సి. గొట్టపు ముక్కలు, ఎయిరేటర్, కనీసం మూడు నాలుగు వారాలు ప్రధాన తొట్టిలో ఉంచి బాక్టీరియా పట్టించిన స్పాంజ్ ఫిల్టర్ ఉంటే చాలు. ఇసుక, పగడపు రాళ్ళు ఉండరాదు. అవి రాగిని పీల్చుకుంటాయి, పరాన్నజీవి గూళ్ళకు చోటిస్తాయి. చేపను వలతో కాక నీటితో పాటు గిన్నెలోకి తీసుకోవాలి. వల రాపిడికి శ్లేష్మం పోతే నీటి నష్టం ఇంకా పెరుగుతుంది.

తెల్లమచ్చకు రాగి చికిత్స చాలా కాలంగా వాడుకలో ఉంది. లీటరుకు 0.15 నుండి 0.20 మి.గ్రా. స్వేచ్ఛా రాగి అయానులను మూడు వారాలకు తగ్గకుండా, రోజుకు రెండుసార్లు పరీక్షిస్తూ నిలకడగా ఉంచాలి. తక్కువైతే ఫలితం ఉండదు, ఎక్కువైతే చేపకే విషం. అయితే రాగి ఆకలిని మందగింపజేస్తుంది, మొప్పలపై భారం మోపుతుంది. అందువలన ఇంకా తింటున్న చేపకు రాగి ఆమోదయోగ్యమే గాని, ఇప్పటికే ఆహారం మాని చిక్కిపోయిన చేపకు దానిని తొలి ఎంపికగా సూచించరాదు. అటువంటి చేపకు రెండు మార్గాలున్నాయి.

మొదటిది లవణీయతను తగ్గించడం. ఒకటి రెండు రోజులలో క్రమంగా 15 పి.పి.టి. లేదా అంతకు కొంచెం తక్కువకు దించి, మచ్చలు పోయిన తరువాత కూడా మరో మూడు వారాలైనా ఆ స్థాయిలోనే ఉంచాలి. తక్కువ గాఢతలో పరాన్నజీవి గూళ్ళు పగిలిపోతాయి. చేపకు ఉప్పును బయటకు పంపే శ్రమ తగ్గుతుంది, ఆ మిగిలిన శక్తి కోలుకోవడానికి ఉపయోగపడుతుంది. కొలతకు సరిచూసిన రిఫ్రాక్టోమీటర్ తప్పనిసరి. నీటిని పలుచన చేసినప్పుడు క్షారత కూడా తగ్గి పి.హెచ్. పడిపోతుంది కనుక సోడియం బైకార్బొనేట్‌తో సరిచేయవలసి రావచ్చు. తిరిగి పెంచేటప్పుడు రోజుకు 2 పి.పి.టి.కి మించరాదు. తగ్గించడం కంటే పెంచడమే చేపకు కష్టం. తక్కువ లవణీయతను తట్టుకునే రకాలు క్రిప్టోకారియాన్‌లో ఉన్నట్లు గుర్తించారు కనుక ఫలితం కనిపించనప్పుడు పట్టుదలకు పోరాదు. అమైలూడినియంపై ఈ పద్ధతి అసలు పనిచేయదు. సొరచేపలు, టెంకి చేపలు, పగడాలు, ఇతర అకశేరుకాలు ఉన్నచోట దీనిని తలపెట్టరాదు.

రెండవది తొట్టి మార్పిడి. పరాన్నజీవి ఏడు రోజులలోపు చేపను వదులుతుంది, వదిలిన తరువాత పిల్లజీవులు వెలువడడానికి కనీసం మూడు రోజులు పడుతుంది. ప్రతి మూడవ రోజున, 72 గంటలు నిండకముందే చేపను శుభ్రమైన కొత్త నీటి తొట్టికి మార్చుతూ నాలుగుసార్లు చేస్తే గూళ్ళన్నీ పాత తొట్లలోనే మిగిలిపోతాయి. ఖాళీ చేసిన తొట్టిని, పరికరాలను కడిగి పూర్తిగా ఎండబెట్టాలి. మందు లేదు, ఆకలిపై ప్రభావం లేదు, నీరు ఎప్పటికప్పుడు కొత్తది కనుక అమ్మోనియా పేరుకోదు. చేపను పట్టడంలోని ఒత్తిడి ఒక్కటే దీని లోపం. క్లౌన్ చేప వంటి చిన్న, దృఢమైన చేపకు ఇదే మేలైనదని చెప్పవచ్చు.

యాంటీబయాటిక్ వాడకంపై ఒక మాట. ఆక్సీటెట్రాసైక్లిన్‌ను సముద్రపు నీటిలో కలిపితే అందులోని కాల్షియం, మెగ్నీషియం దానిని బంధించి చాలావరకు నిష్ప్రయోజనం చేస్తాయి. మేతలో కలిపితే, తినని చేపకు అది చేరదు. పరాన్నజీవిపై దాని ప్రభావం ఎలాగూ లేదు. అయినా అక్వేరియం దుకాణాలలో ఎక్కువగా చేతికి అందించేది అదే.

మేత పెట్టే విధానం

మొప్పల వేగం తగ్గి, చేప కళ్ళతో మేతను అనుసరించడం మొదలైనప్పుడు మేత ప్రయత్నం ఫలిస్తుంది. పెద్ద క్లౌన్ చేప కొద్ది రోజుల ఉపవాసాన్ని తట్టుకోగలదు. నిల్వలు తక్కువగా గల చిన్న పిల్లలకు అంత వ్యవధి ఉండదు కనుక వాటికి తొలి రోజు నుండే రోజుకు పలుమార్లు స్వల్పంగా పెట్టి చూడవలసి ఉంటుంది.

తొలి మేతగా కదిలే ఆహారం మేలు. కదలిక వేటాడే స్వభావాన్ని మేల్కొలుపుతుంది. ఆర్టీమియా ఇందుకు అనువైనది. చేపలు బతకలేని అత్యధిక లవణీయత గల నీటిలో పెరిగేది కనుక చేపల పరాన్నజీవులను మోసుకొచ్చే ప్రమాదం తక్కువ. మన తీరం వెంబడి రొయ్యల హేచరీలలో నిత్యం పొదిగించేదే కనుక దొరకడం కూడా కష్టం కాదు. పిల్లలను పొదిగిన కొద్ది గంటలలోనే వాడాలి. ఆలస్యమైన కొద్దీ వాటిలోని పచ్చసొన కరిగి పోషక విలువ పడిపోతుంది. గుడ్ల పెంకులను వేరుచేయాలి, వాడే ముందు శుభ్రమైన నీటిలో కడగాలి.

ఆర్టీమియాతోనే ఆగిపోవడం మాత్రం పొరపాటు. సముద్రపు చేపలు డి.హెచ్.ఎ., ఇ.పి.ఎ. అనే కొవ్వు ఆమ్లాలను తగినంతగా తయారు చేసుకోలేవు, ఆహారం నుండే పొందాలి. ఆర్టీమియాలో డి.హెచ్.ఎ. దాదాపు ఉండదు. పెరిగిన ఆర్టీమియాకు ఎమల్షన్ చేసిన చేప నూనెను సుమారు 12 గంటలు తినిపించి, ఆ తరువాత చేపకు పెట్టడం ఒక పరిష్కారం. గడ్డకట్టిన మైసిస్ రొయ్యలు, సన్నగా తరిగిన పచ్చి రొయ్య, స్క్విడ్ మాంసం తరువాతి మెట్లు. ఇవి ఉప్పు పట్టించనివి, రసాయనాలు కలపనివి కావాలి. ముక్క చేప కంటి పాపను మించరాదు. గడ్డకట్టిన దానిని తొట్టి నీటిలో కరిగించి, ఆ నీటిని పారబోసి మాంసాన్ని మాత్రమే వేయాలి. ఆల్చిప్పల మాంసంలోను, కొన్ని చిన్న సముద్ర చేపలలోను థయామిన్‌ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది కనుక వాటిని పచ్చిగా, అదే పనిగా వారాల తరబడి పెట్టరాదు.

సన్నని గొట్టంతో చేప ముఖానికి కొద్ది దూరంలో, ప్రవాహానికి ఎగువన నాలుగైదు కణాలు మాత్రమే వదలాలి. ఐదు నిమిషాల తరువాత మిగిలినదాన్ని అదే గొట్టంతో తీసివేయాలి. రోజుకు నాలుగైదుసార్లు ఇలా చేయడం ఒకేసారి ఎక్కువ వేయడం కన్న మంచిది. తినడం స్థిరపడిన తరువాత విటమిన్లు గల మెత్తని గుళికలను మాంసంతో కలిపి క్రమంగా అలవాటు చేయాలి. విటమిన్ సి నీటిలో త్వరగా కరిగిపోతుంది కనుక విటమిన్ చుక్కలను తొట్టిలో కాక మేతపై వేసి, కొద్దిసేపు ఆరనిచ్చి వాడాలి. సర్జన్ చేపల వంటి శాకాహార జాతులకు ఈ మాంసాహార క్రమం సరిపోదు. వాటికి అల్వా, గ్రాసిలేరియా వంటి సముద్రపు నాచును రాయికి కట్టి అందుబాటులో ఉంచాలి. నోరు తెరచి బలవంతంగా మేత పెట్టడం క్లౌన్ చేప పరిమాణపు చేపలలో చేయరాదు.

చికిత్స తొట్టిలో అమ్మోనియాను ప్రతిరోజూ పరీక్షించి, అది కనిపించిన రోజున నాలుగో వంతు నుండి సగం వరకు నీరు మార్చాలి. కొత్త నీటి ఉష్ణోగ్రత, లవణీయత పాత నీటితో సమానంగా ఉండాలి. వేసవిలో ఫ్యాను పెట్టి నీటిని చల్లబరిస్తే ఆవిరి నష్టం పెరిగి లవణీయత ఎక్కుతుంది. ఆ తరుగును క్లోరిన్ లేని మంచినీటితోనే పూరించాలి, ఉప్పునీటితో కాదు.

ప్రధాన తొట్టి సంగతి

చేప కోలుకోగానే తిరిగి ప్రధాన తొట్టిలో వదలడం వలన చాలామంది శ్రమ వృథా అవుతుంది. అక్కడి గూళ్ళు ఇంకా జీవించే ఉంటాయి. ఒక్క చేప కూడా లేకుండా ఆ తొట్టిని కనీసం ఆరు వారాలు, వీలైతే పది పదకొండు వారాలు నడపాలి. పగడాలు, పీతలు, నత్తలు ఉండవచ్చు, ఈ పరాన్నజీవి వాటిపై బతకదు. ఈ వ్యవధిలో వలలను, గొట్టాలను రెండు తొట్ల మధ్య మార్చి వాడరాదు. చేపను చికిత్స తొట్టిలోనే ఉంచి, ఆ కాలాన్ని మేత అలవాట్లు సరిదిద్దడానికి వినియోగించుకోవచ్చు. వెన్ను కండరం తిరిగి నిండడం పది రోజులలో జరిగే పని కాదు.

చేప చనిపోయినట్లయితే పెంపకందారు దానిని ఫ్రీజరులో పెట్టి తీసుకురావడం పరిపాటి. గడ్డకట్టిన మొప్పలలో ఈ పరాన్నజీవులను గుర్తించడం దాదాపు అసాధ్యం. మరణించిన గంట లోపు మంచుపై, మంచు నేరుగా తాకకుండా సంచిలో ఉంచి తీసుకురావాలని, తొట్టి నీటిని వేరే సీసాలో తేవాలని ముందే చెప్పి ఉంచాలి. దూరం ఎక్కువైతే మొప్పలను 10 శాతం ఫార్మలిన్‌లో భద్రపరచి పంపవచ్చు. కొనఊపిరితో ఉన్న చేపను సజీవంగా తేగలిగితే అన్నిటికన్నా మేలు.